చెల్లెలి కథకు నేను పెట్టిన కన్నీళ్లు

ముప్పై నాలుగేళ్లు ఒక ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దాను. పద్యకావ్యాలు వచ్చినప్పుడు యతి తప్పిన చోట్లను కవులకు మర్యాదగా ఉత్తరం రాసి తెలియజేసేదాన్ని. కొందరు కృతజ్ఞతలు చెప్పారు. ఎక్కువమంది మా యజమానికి నా మీద ఫిర్యాదు చేశారు. అన్ని వందల పుస్తకాల్లో ఒక్కదాని మీద కూడా నా పేరు లేదు. కనుక అరవై మూడో ఏట, గ్రంథాలయం పై అంతస్తులో శనివారం మధ్యాహ్నాలు జరిగే రచనా తరగతిలో చేరినప్పుడు, నేర్చుకోవడానికి వెళ్లానని చెబితే అబద్ధమవుతుంది. నన్నెవరైనా గుర్తిస్తారని వెళ్లాను.

తరగతి పన్నెండు వారాలు. మొదటి ఆరు వారాలు పద్యం, కవిత. తర్వాతి ఆరు చిన్న కథ. నాతో కలిపి ఏడుగురం. ఒక ఆసుపత్రి నర్సు, పదవీ విరమణ చేసిన ఒక బస్సు డ్రైవరు, ఒక కాలేజీ అమ్మాయి, ఇంకో ముగ్గురు. ఆ ముగ్గురూ ఉన్నారన్న సంగతి హాజరు పట్టీకి మాత్రమే తెలుసు. చెప్పేవాడు ముప్పై అయిదేళ్లవాడు. మోచేతుల దగ్గర నలిగిన చొక్కాతో, వేళ్లకు సుద్దపొడితో ఎప్పుడూ ఏదో వెతుక్కుంటున్నట్టు ఉండేవాడు. వయసులో నా కొడుకులాంటివాడైనా అందరితోపాటు నేనూ మాస్టారు అనే పిలిచాను.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. రాసింది టైపు చేసి, పేరు లేకుండా మడిచి, ఒక అట్టపెట్టెలో వేయాలి. ఒక్కొక్కరు ఒక కాగితం తీసి పైకి చదవాలి. తనది తనకే వస్తే తిరిగి వేసి ఇంకొకటి తీయాలి. చదివాక చర్చ. చర్చ ముగిసేదాకా రాసినవారు నోరు మెదపకూడదు, కథకు ఒక్క ముక్క కలపకూడదు. చివర మాస్టారు "ఎవరిది?" అంటారు. అప్పుడు చేయి ఎత్తాలి. ఎత్తినవారికే ఆ రచన గురించి మాట్లాడే హక్కు. మాస్టారు తాను ఎన్నడూ చదివేవాడు కాదు. తన గొంతులో వింటే అందరికీ బాగున్నట్టే తోస్తుందని ఆయన అనుమానం.

మొదటి వారం కందం. ప్రభాతం మీద మూడు కందాలు రాశాను. గణం, యతి, ప్రాస, ఎక్కడా వేలు పెట్టడానికి సందు లేదు. డ్రైవరు రాసిన కందంలో ప్రాస రెండు పాదాల్లో లేదు. నాలుగో పాదం అసలు కందమే కాదు. సీటు కింద ఎవరో మరిచిపోయిన గొడుగు అతని వస్తువు. ఆ గొడుగు కోసం ఎవరైనా వస్తారేమోనని ఏడాదిపాటు అదే రూటు వేయించుకున్నాడట. అందరూ నవ్వారు, నర్సు కళ్లు తుడుచుకున్నది. నాకు ఒళ్లు మండింది.

"మీ పద్యాల్లో వంక పెట్టడానికేమీ లేదండీ," అన్నారు మాస్టారు నా వంతు వచ్చినప్పుడు. "కానీ ఇవి ఎవరు మాట్లాడుతున్నారు?"

"పద్యం మాట్లాడుతోంది," అన్నాను.

"అదేనండీ నా బాధ."

ఆటవెలదికీ అదే మాట. తేటగీతికీ అదే మాట. సీసం వారం ఎత్తుగీతితో సహా అచ్చు పోసినట్టు రాసి తీసుకువెళితే డ్రైవరు చేతులు జోడించి, "తల్లీ, ఇది చదువుతుంటే గుళ్లో చెప్పులతో నిలబడ్డట్టుందమ్మా నాకు," అన్నాడు. అది పొగడ్త అనుకుని ఇంటికి వచ్చాక కాదని గ్రహించాను. వచన కవితల వారం వాన మీద రాశాను. కాలేజీ అమ్మాయి తల పక్కకు వంచి, "ఆంటీ, ఈ వాన ఎప్పుడు పడిందండీ?" అని అడిగింది. వెటకారం ఏమీ లేదు; నిజంగానే తెలుసుకోగోరింది. ఆ వాన ఎప్పుడూ పడలేదు.

కథల్లోకి వచ్చాక పరిస్థితి ఇంకా దిగజారింది. మొదటి కథలో ఒక వితంతువు వీణ వాయిస్తుంది. చేయి ఎత్తిన తర్వాత మాస్టారు చాలా సౌమ్యంగా, "మీకు వీణ వచ్చాండీ?" అన్నారు. రాదన్నాను. తర్వాతి ప్రశ్న ఆయన అడగలేదు. నేను పెళ్లే చేసుకోలేదని ఆ గదిలో అందరికీ తెలుసు.

ఇక నా చెల్లెలి సంగతి చెప్పాలి. ఆమెకు యాభై ఏడు. నా కంటికి ఇప్పటికీ చిన్నదే కనుక చిన్నీ అని పిలుస్తాను. మా ఇంటికి మూడు వీధుల అవతల దర్జీ దుకాణం నడుపుతుంది. శనివారాలు సగం పూటే తెరిచి, గ్రంథాలయానికి వచ్చి, మా తరగతి బయట వరండాలో బెంచీ మీద కూర్చుని చేతికుట్టు ఏదో వేసుకుంటూ ఉంటుంది. తరగతి అయ్యాక ఇద్దరం కూరగాయలు కొనుక్కుని ఇంటికి వెళతాం. ఆమె భర్త ఇరవై రెండేళ్ల కిందట ఇంకొకామెతో వెళ్లిపోయాడు. అప్పటినుంచి నా దగ్గరే ఉంటున్నది. అతని పేరు మా ఇంట్లో ఎత్తం.

కిందటేడు ఒక మధ్యాహ్నం బీన్స్ ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా, ఆమె నాకొక సంగతి చెప్పింది. ఒక రోజు దుకాణానికి ఎవరో కొత్తామె మగవాళ్ల చొక్కాలు రెండు సరిచేయించడానికి తెచ్చిందట. ఎడమ భుజం కుడిదానికంటే అర అంగుళం కిందికి దిగి ఉన్న మనిషి చొక్కాలు. చీటీ మీద పేరు రాస్తూ ఆమె చెప్పిన పేరు విని నా చెల్లెలికి సందేహం తీరిపోయింది. అతను ఊరికి తిరిగి వచ్చాడు. ఈమె అతని భార్య. తాను ఎవరి దుకాణంలో నిలబడి ఉన్నదో ఆమెకు తెలియదు. చెల్లెలు చెప్పలేదు. చొక్కాలు కుట్టి ఇచ్చింది. తర్వాత ప్యాంట్లు వచ్చాయి. నడుము రెండు అంగుళాలు బిగించమన్నారు. నెల తిరగకుండా అవే ప్యాంట్లు, ఇంకో అంగుళమున్నర. మరో నెలకు మళ్లీ వచ్చాయి. తిండి తగ్గించి సన్నబడే మనిషి నడుము అలా తగ్గదని దర్జీకి తెలుస్తుంది. "మీ ఆయన్ని డాక్టరుకు చూపించండమ్మా" అని మూడోసారి గాని నా చెల్లెలు అనలేదు. రెండు నెలలు మాట్లాడకుండా బిగించింది. అయిదో నెలలో అతను పోయాడు.

ఆ రెండు నెలలు ఆమె ఏం చేసిందో, ఆమె లోపల ఏమి జరిగిందో కూడా చెప్పింది. విన్నాను. జరిగిందేదో జరిగింది, మరిచిపొమ్మన్నాను. "నీతో తప్ప ఎవరితో అనుకుంటానక్కా" అని, ఈనెలు కాగితంలో పొట్లం కట్టి లేచి వెళ్లింది.

కథల మూడో వారం దాన్ని రాశాను. ఒక్క ఉదయంలో, కుర్చీ దిగకుండా, నాలుగు పేజీలు. రాస్తున్నప్పుడే అది ఎవరి సొత్తో నాకు తెలుసు. తెలియలేదని నటించే వయసు కాదు నాది. దుకాణాన్ని వేరే వీధిలో పెట్టాను. దర్జీ వయసు పదేళ్లు తగ్గించాను. చొక్కాలు తెచ్చే ఆమెను నేనెన్నడూ చూడలేదు కనుక, లావుగా, గాజుల గలగలతో, గొంతు పెద్దదిగా కల్పించాను. జబ్బు పేరు చెప్పలేదు, సంయమనం అనిపించింది. రెండోసారి ప్యాంటు బిగించేటప్పుడు దర్జీని ఏడిపించాను. "ఇస్త్రీపెట్టె ఆ తడిని తాకగానే చుయ్‌మన్నది; ఆమె చేయి మాత్రం ఆగలేదు." ఈ వాక్యం రాసి కలం కింద పెట్టి, లేచి, గదిలో రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. ముప్పై నాలుగేళ్లలో ఇతరుల పుస్తకాల్లో ఇలాంటి వాక్యం కనిపించినప్పుడు కలిగిన అసూయ, మొదటిసారి నా వాక్యం మీద నాకే కలిగింది.

చిన్నీ వరండాలో ఉంటుంది, తలుపు మూసి ఉంటుంది, ఇది లోపల ఏడుగురి మధ్య మాట అనుకున్నాను.

ఆ శనివారం ఎప్పుడూ మాట్లాడని ముగ్గురిలో ఒకాయన రాలేదు. కాగితం మాత్రం నర్సు చేత పంపాడు. ఏడు కాగితాలు, ఆరుగురు చదివేవాళ్లు.

"ఒకటి మిగిలిపోతుందే," అన్నారు మాస్టారు. గాలి కోసం ఆ రోజు తలుపు తెరిచే ఉంచారు. ఆయన చూపు వరండా మీద పడింది. "బయటి అమ్మగారిని పిలుద్దామా? వారం వారం మనకు కాపలా కాస్తున్నారు పాపం."

అందరూ సంబరపడ్డారు. చిన్నీ సూది గుచ్చిన గుడ్డతోనే గుమ్మంలోకి వచ్చింది.

"నాకు చదవడం అంతగా రాదు బాబూ. కూడబలుక్కోవాలి."

"కూడబలుక్కుని చదివితేనే కథ బాగా వినబడుతుందమ్మా. అతిథి కదా, మొదట మీరే తీయండి."

పెట్టెలో నా కాగితం ఏదో నాకు కనిపిస్తూనే ఉంది. ముద్రణాలయపు అలవాటు, గోరుతో గీసి పదునుగా మడుస్తాను; మిగతావి నలిగిపోయి ఉంటాయి. ఏడింట ఒకటి, అని లెక్కవేసుకున్నాను. ఆలస్యమవుతోంది, వెళ్లాలి, అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాటకు కావలసినంత సమయం ఉంది. చిన్నీ సూదిని జాగ్రత్తగా గుడ్డలో గుచ్చి, కళ్లజోడు తుడుచుకుని, తర్వాత గాని పెట్టెలో చేయి పెట్టలేదు. నేను అనలేదు. ఆ రోజు నా కథను చర్చించాలి. అది వాయిదా పడడం నాకు ఇష్టం లేదు.

పదునైన మడత ఉన్నదాన్నే తీసింది. చక్కగా ఉన్నదానిమీదికే ఆమె చేయి పోతుంది, అది వృత్తి.

వరుస కింద వేలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ ఎవరిదో కథ చదివినట్టే చదివింది, "ఇదిగో, దర్జీ కథే వచ్చింది నాకు!" అని నవ్వింది కూడా. రెండో పేజీలో ఎడమ భుజం వచ్చింది. ఆగింది. కళ్లజోడు తీసి, రుమాలుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. నావైపు చూడలేదు. అదే వరుస మొదటినుంచి మళ్లీ చదివి, ముందుకు వెళ్లింది. గొంతు మారలేదు. తడబడిన చోట తడబడుతూ, కామాల దగ్గర ఆగుతూ, తన జీవితాన్ని ఆరుగురు పరాయివాళ్లకు పైకి చదివి వినిపించింది. ఫ్యాను కింద కాగితం లేవకుండా అరచేయి అదిమి పెట్టింది.

ఇస్త్రీపెట్టె దగ్గర మళ్లీ ఆగింది. ఈసారి ఎక్కువసేపు.

ఆ క్షణంలో నేనేం అనుకున్నానో రాయకపోతే ఈ కథ రాయడం దండగ. వాక్యం పనిచేసింది, అనుకున్నాను.

ఆమె చివరిదాకా చదివి, కాగితాలు ఒక అంచుకు సర్ది, బల్ల మీద పెట్టింది. మొదట డ్రైవరు గొంతు సవరించుకున్నాడు.

"ఇదీ కథంటే. నడుము కొలతలో చావు కనబడిందన్నమాట! నాకు వెన్ను జలదరించింది."

"బాగుంది సరే, కానీ బాబాయ్," అన్నది కాలేజీ అమ్మాయి, "అది హత్య కాదా?"

"హత్యేమిటి తల్లీ, కత్తితో పొడిచిందా?"

"పొడవడమే నయం. ఆ వచ్చినావిడ ఏం పాపం చేసింది? వెర్రిబాగుల్ది, ప్యాంటు పట్టుకుని మళ్లీ మళ్లీ వచ్చింది. ఒక్క మాట చెబితే ఈవిడ సొమ్మేం పోయింది?"

"నువ్వు పెళ్లి చేసుకుని, వాడు నిన్నొదిలేసి పోయి, ఓ ఇరవై ఏళ్లయ్యాక వచ్చి మాట్లాడు."

"అంటే మొగుడొదిలేస్తే మనుషుల్ని చావనివ్వచ్చా?"

"ఇదిగో, నన్ను కోర్టుకీడ్చకు. నేను బస్సు నడిపేవాణ్ని."

నవ్వారు. నా చెల్లెలు కూడా పెదవులు కదిపింది. ఆమె చేతులు ఒడిలో ఉన్నాయి. చూపుడు వేలి కొనను బొటనవేలు రుద్దుతూనే ఉంది.

"ఏం జబ్బో చెప్పకుండా తప్పొప్పులు తేల్చడం కష్టం," అన్నది నర్సు. "కొన్నిటికి రెండు నెలలంటే ప్రాణం. కొన్నిటికి రెండు నెలలైనా రెండేళ్లైనా ఒకటే. కథలో అది లేదు."

"లేకపోవడమే దీని బలం," అన్నారు మాస్టారు. "రచయితకు ఎక్కడ ఆగాలో తెలుసు."

నాకు చెవుల దాకా వేడెక్కింది. తొమ్మిది వారాల్లో ఆయన నా గురించి అన్న మొదటి మంచి మాట.

చిన్నీ నర్సువైపు తిరిగింది. "జబ్బు పేరు తెలిస్తే నువ్వు చెప్పగలవామ్మా?"

"కొంతవరకు."

"అమ్మా, క్షమించాలి," అని మాస్టారు అడ్డుపడ్డారు. "రాసినవాళ్లు తప్ప ఎవరూ కథకు ఏమీ కలపకూడదు. అది మా పద్ధతి. సరే, చర్చ అయినట్టే కదా. ఎవరిది?"

నా మోచేయి బల్ల మీద ఉంది. చేయి ఎత్తడానికి దాన్ని కదిలించనవసరం కూడా లేదు, ముంజేతిని నిలబెడితే చాలు. మేము అక్కచెల్లెళ్లమని, ఆమె దర్జీ అని ఆ గదిలో అందరికీ తెలుసు. నేను చేయి ఎత్తిన మరుక్షణం ఆరు జతల కళ్లు మొదట నావైపు, తర్వాత ఆమెవైపు తిరుగుతాయి. ఆ లెక్క నాకు అప్పుడు తట్టింది. నాలుగు పేజీలు రాసేటప్పుడు తట్టలేదు. చేయి ఎత్తలేదు.

చిన్నీ ఎత్తింది.

"నాదే బాబూ."

గది గొల్లున నవ్వింది. "మీదా! అమ్మ దొంగా!" అని డ్రైవరు బల్ల చరిచాడు. "మరి పెట్టెలో ఎప్పుడు వేశారండీ?" అన్నది కాలేజీ అమ్మాయి. "మా అక్క చేత టైపు కొట్టించా. తనే వేసింది," అన్నది చిన్నీ, ముందే అనుకున్నంత తేలికగా. మాస్టారు ఏడు కాగితాలు లెక్క చూసుకుని నావైపు తిరిగారు. "మరి మీదండీ?"

"ఈ వారం రాయలేదు," అన్నాను.

నాకు మొదట కలిగింది కృతజ్ఞత కాదు, జాలి కాదు, సిగ్గు కూడా కాదు. దోచుకుంది, అనిపించింది. నా కథ. నా వాక్యం. నా పక్కన కూర్చుని, నా కళ్ల ముందు. ఆ ఆలోచన ఒక నిమిషంపాటు నాలో ఉంది. నిమిషం తర్వాత అది ఎందుకు పోయిందో చెబుతాను.

"ఇప్పుడు మాట్లాడచ్చా?" అని చిన్నీ మాస్టారిని అడిగింది. తప్పకుండా అన్నారు. ఆమె కుర్చీలో పూర్తిగా నర్సువైపు తిరిగి కూర్చుంది.

"పాంక్రియాస్‌కి వచ్చిన క్యాన్సర్ అనుకోమ్మా. నడుము మూడున్నర అంగుళాల పైనే తగ్గింది. అప్పుడు చూపించారు. అదే రెండు నెలలు ముందు, రెండు అంగుళాలప్పుడే చూపించి ఉంటే?"

నర్సు కుర్చీ దగ్గరకు జరుపుకుంది. చిన్నీ ముఖంలోకి చూసింది, ఒడిలో రుద్దుకుంటున్న వేలివైపు చూసింది.

"బరువు తగ్గడం కనబడేసరికే ఆ జబ్బు లోపల చాలా దూరం పోయి ఉంటుందమ్మా. నేను వార్డులో చూసినంతలో చాలామందికి తేడా ఉండదు."

"చాలామందికి."

"అవునమ్మా. అందరికీ అని మాత్రం నేను చెప్పలేను. చెబితే అబద్ధం."

"వద్దు, అబద్ధం వద్దు. సరే తల్లీ."

అందుకని ఎత్తింది. ఆ గదిలో ఆ ప్రశ్న అడిగే హక్కు రాసినవారికి ఒక్కరికే ఉంది.

మాస్టారు ఏమీ గమనించలేదు. ఈ విడతలో వచ్చినవాటన్నిటిలో ఇదే మేలైనదనీ, తరగతి చివర వేసే సంకలనంలో మొదటి రచనగా పెడతాననీ, మూడు వందల ప్రతులు ఊళ్లోని చదువరులందరికీ చేరతాయనీ ఉత్సాహంగా చెప్పుకుపోయారు. కథను తన సంచిలో పెట్టుకున్నారు. లేచి వస్తుంటే డ్రైవరు నా భుజం దగ్గరకు వంగి, "పద్యాల సంగతి పక్కన పెట్టి, ఇంట్లో చెల్లెమ్మ దగ్గర నాలుగు రోజులు కూర్చోండమ్మా," అన్నాడు మంచి మనసుతో.

ఎప్పటిలా కూరగాయల దుకాణానికి వెళ్లాం. ఆమె టమాటాలు ఏరింది, మెత్తనివి పక్కకు తోసింది, సంచి నా చేతికి ఇవ్వకుండా తానే పట్టుకుంది. వీధి మలుపులో ఆగింది.

"నన్నెందుకు ఏడిపించావక్కా?"

"చిన్నీ, నేను చేసింది..."

"ఇవాళ కాదు. కథలో. ఇస్త్రీపెట్టె కాడ. నేను ఏడవలేదు కదా."

సంచి కోసం చేయి చాచాను. ఇవ్వలేదు.

"నీకు చెప్పానా లేదా? రెండోసారి నడుము కొలిచి, లోపల్లోపల సంతోషించాను. అనుభవించరా అనుకున్నాను. ఆ ఒక్కటీ ఎవరికైనా చెప్పుకోవాలని రెండేళ్లు గింజుకుని నీ దగ్గర కక్కాను. మిగతాదంతా ఆ మాట చెప్పడానికే. నువ్వేమో దాన్నే తీసేసి కన్నీళ్లు పెట్టావు."

"చదివేవాళ్లకు ఆమె మీద అసహ్యం పుడుతుందని."

"పుట్టనీ. వాళ్ల సొమ్మేం పోయింది?" అని, కాస్త ఆగి, "నీకు పుట్టిందా ఆ రోజు?" అన్నది.

పుట్టలేదన్నాను. నా జవాబు ఆమె నమ్మిందో లేదో తెలియదు. నిజానికి పుట్టింది. పుట్టినందుకే కన్నీళ్లు పెట్టాను. నా కథలో నాకు తల వంచుకునే చెల్లెలు కావాలి గాని, ఒకడు శుష్కించిపోతుంటే సంతోషించిన చెల్లెలు వద్దు. ఆమె తన మనసులోని అతి నీచమైన నిమిషాన్ని తెచ్చి నా చేతిలో పెడితే, దాన్ని ప్రూఫు దిద్దినట్టు దిద్దాను.

"చేయి ఎందుకు ఎత్తావు?" అన్నాను, తెలిసి కూడా.

"మరి ఆ నర్సమ్మని ఎట్లా అడగను? మూడేళ్లుగా ఎవర్ని అడగను చెప్పు? డాక్టరు దగ్గరకెళ్లి, అయ్యా పరాయామె మొగుడి ప్యాంటు నడుము ఇంత ఉండేది అని అడగనా? వాడు నాకేమవుతాడంటే ఏం చెప్పను?" నవ్వబోయి మానుకుంది. "ఇంకోటి. నువ్వు ఎత్తితే వాళ్లు నీ మొహాన ఉమ్మేవాళ్లు. చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టి ఆ పని చేశావని. అది నేను చూడలేను."

సంచి చేయి మార్చుకుని నడవసాగింది. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరగకుండానే అన్నది: "అచ్చు మాత్రం వద్దు. ఆవిడ ఇప్పటికీ మన దుకాణానికే వస్తుంది. ఆవిడ కూతురు కనబడ్డ కాగితమల్లా చదువుతుంది. తీసుకొచ్చెయ్."

మరుసటి శనివారం ఒక్కదాన్నే వెళ్లాను. దారి పొడవునా ఒక విషయం తేల్చుకోవడానికి ప్రయత్నించాను. నిజం చెప్పేస్తే నా మనసు తేలికపడుతుంది. కానీ నిజం చెప్పడమంటే, ఆ దర్జీ కల్పన కాదు, నా చెల్లెలే అని ఏడుగురికి చాటడం. నా ఒప్పుకోలు ఖరీదు కూడా ఆమే చెల్లించాలి. ఆ తలుపు నాకు మూసుకుపోయింది. మూసింది నేనే.

"వెనక్కి తీసుకోవాలా?" మాస్టారు నమ్మలేనట్టు చూశారు. "ఎందుకండీ? సంకలనానికే తలమానికం అది. ఆవిడ వద్దన్నారా?"

"వద్దన్నది."

"అయితే ఆవిడనే వచ్చి చెప్పమనండి. రచన ఆవిడది. మీ మాట మీద నేను తీసేయలేను." కొంచెం తటపటాయించి, గొంతు తగ్గించారు. "ఏమనుకోకండి. ఇంట్లో ఒకరికి పేరొస్తే ఇంకొకరికి... అది సహజమే. ఆవిడ చేత వద్దనిపించకండి."

గది అంతా వింటున్నది. డ్రైవరు నెమ్మదిగా, "అక్కగారికి కాస్త కుళ్లేమో మాస్టారూ, పోనీండి, మనిషి కదా," అన్నాడు. ఆ మాటలో నన్ను కాపాడుదామన్న ఉద్దేశం కూడా ఉంది.

"అవును," అన్నాను. "నాకు కుళ్లుగా ఉంది. ఆమె పేరు మీద ఆ కథ అచ్చులో చూడలేను. ఆమె కాదంటే ఇంట్లో ఉండనివ్వనన్నాను, వద్దన్నది. ఇప్పుడు ఇవ్వండి."

ఇంట్లో ఉండనివ్వనన్న మాట అబద్ధం. కుళ్లు మాత్రం కాదు.

కాలేజీ అమ్మాయి "ఛీ" అనలేదు గాని ముఖం కిటికీవైపు తిప్పుకుంది. మాస్టారు సంచిలో వెతికి నాలుగు పేజీలు తీసి, నా చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టారు. నేను వంగి తీసుకున్నాను. నర్సు మాత్రం కాగితాల వైపు చూడలేదు. కాసేపు నన్ను చూసి, ఏదో అర్థమైనట్టు కళ్లు దించుకుంది. ఆ ఒక్క చూపు కన్నా మిగతావాళ్ల అసహ్యం భరించడం సులువు.

నేరుగా దుకాణానికి వెళ్లాను. పని ఎక్కువై ఆ పూట చిన్నీ మూయలేదు. లోపల ఇద్దరున్నారు. సన్నగా, వెలిసిపోయిన చీరలో ఒకామె బెంచీ చివర, తను కూర్చున్న చోటికి కూడా అనుమతి అడుగుతున్నట్టు కూర్చుని ఉంది. పన్నెండేళ్ల పిల్ల స్టూలు మీద నిలబడితే చిన్నీ టేపు పట్టుకుని కొలుస్తున్నది.

"నాన్న ఉన్నప్పుడు నువ్వింతే ఉండేదానివి," అని చిన్నీ ఆ పిల్ల నడుము దగ్గర చేయి పెట్టి చూపించింది. "మూడేళ్లలో ఎంతయ్యావో చూడు. మా అక్కమ్మా," అని ఆమెకు నన్ను చూపించింది. నాకు ఆమెను చూపించలేదు. అవసరం లేకపోయింది.

ఆమె గబగబా జరిగింది. "కూర్చోండమ్మా. పెద్దవాళ్లు, నిలబడ్డారే." గొంతు ఎంత చిన్నదంటే, మిషను పక్కన ఆడుతూ ఉంటే వినబడేది కాదు. చేతికి గాజులు లేవు. ఆమె పక్కన, ఆమె నా కోసం ఖాళీ చేసిన చోట కూర్చున్నాను. కాగితాలు ఒడిలో ఉన్నాయి. స్టూలు మీది పిల్ల తల వంచి, అక్కడినుంచే అక్షరాలు పట్టుకోవడానికి ప్రయత్నించింది.

"కథలా ఉందే," అన్నది.

కాగితాలు తిప్పి పెట్టాను. "బాగోలేదమ్మా."

"ఎందుకు?"

"అందులో ఒకామె ఊరికే ఏడుస్తుంది."

"అట్లాంటివి నాకూ నచ్చవు," అన్నది పిల్ల.

చిన్నీ చేయి చాచింది. ఇచ్చాను. నాలుగు పేజీలు మిషను కింది సొరుగులో వేసి, మోకాలితో మూసి, మళ్లీ టేపు అందుకుంది.

"అక్కా, చేతులు ఖాళీ లేవు. నేను చెబుతుంటే రాస్తావా? ఛాతీ ఇరవై ఎనిమిది."

బల్ల మీద ఉన్న పెన్సిలు తీసుకుని, ఆమె చెప్పినట్టు రాశాను.